సర్పంచికి ఓటేశాం, రాష్ట్రపతికి ఎప్పుడేశాం?

సర్పంచి ఎన్నికంటే మఠంపల్లి పిల్లలకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఇంటింటికీ ఓటరు చీటీలు, మధ్యాహ్నం దాకా పోలింగు, పొద్దుగూకేసరికి ఫలితం, ఆపైన డప్పులు. అదే పిల్లలను సాంఘికశాస్త్రం పీరియడులో రాష్ట్రపతిని ఎవరు ఎన్నుకుంటారని అడిగితే ఒకరు ‘మనమే’ అంటారు, ఇంకొకరు ‘ప్రధానమంత్రి’ అంటారు. రెండూ తప్పే.

అపోహ: రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు.

వాస్తవం మండల పరిషత్ ఆఫీసులోనే ఉంది. ఎంపీపీకి ఊళ్లో ఎవరూ ఓటెయ్యరు. ఎంపీటీసీలను గెలిపిస్తే వాళ్లు ఎంపీపీని ఎన్నుకుంటారు. రాష్ట్రపతి ఎన్నికా ఇదే వరస. మఠంపల్లి తరఫున హుజూర్‌నగర్ ఎమ్మెల్యే, నల్లగొండ ఎంపీ ఓటేస్తారు. పాఠం ఢిల్లీ నుంచి కాక ఇక్కడి నుంచి మొదలుపెడితే టీచరుకు సగం శ్రమ తప్పుతుంది.

పోలిక అంతవరకే. ఎంపీపీ ఎన్నికలో చేతులెత్తాలి, పార్టీ విప్ ఉంటుంది, అంతకుముందు క్యాంపులూ ఉంటాయి. రాష్ట్రపతి ఎన్నికలో బ్యాలెట్ రహస్యం, విప్ చెల్లదు.

ఎమ్మెల్సీలకు ఈ ఓటు లేదు. నామినేటెడ్ సభ్యులకూ లేదు. అందుకే 2022 జూలైలో రాజ్యసభకు నామినేట్ అయిన సినీ రచయిత విజయేంద్రప్రసాద్‌కు అదే నెలలో జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో ఓటు రాలేదు.

అపోహ: అందరి ఓటు విలువా ఒకటే.

దీనికి బ్లాక్‌బోర్డు కావాలి. తెలంగాణ ప్రాంత జనాభా 1,57,02,122. దాన్ని 119 మంది ఎమ్మెల్యేలతో, తర్వాత వెయ్యితో భాగిస్తే 131.95. అంటే ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ 132. ఆంధ్రప్రదేశ్‌లో 159, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. 2022లో ఎంపీ ఓటు విలువ 700. ఈ జనాభా 1971 లెక్కలది. కాబట్టి ఆ క్లాసులో కూర్చున్న పిల్లలెవరూ ఈ భాగహారంలో లేరు, వాళ్ల తాతయ్యలు, నాయనమ్మలు ఉన్నారు.

అపోహ: బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్ల పక్కన వేసే అంకెల్లో రెండోది, అంటే రెండో ప్రాధాన్య ఓటు, లాంఛనమే.

1969 రాష్ట్రపతి ఎన్నికను అడగాలి. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. స్వతంత్రుడిగా నిలబడిన వి.వి.గిరి బరంపురంలో పుట్టిన తెలుగువారు. ఇందిరాగాంధీ ‘అంతరాత్మ ప్రబోధం’ ప్రకారం ఓటెయ్యమన్నారు. విప్ లేని ఎన్నిక కాబట్టే ఆ మాటకు అంత బలం. గెలవడానికి 4,18,169 కావాలి. తొలి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548 వచ్చాయి. ఎవరూ గీత దాటలేదు. సి.డి.దేశ్‌ముఖ్‌తో సహా మిగతావాళ్ల బ్యాలెట్లలో రెండో ప్రాధాన్యాలు పంచితే సంజీవరెడ్డి 4,05,427 దాకా ఎగబాకారు. గిరి 4,20,077తో బయటపడ్డారు. ఆ రెండో అంకె లేకపోతే ఫలితమే తేలేది కాదు.

ఎనిమిదేళ్లకు, 1977లో, అదే సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. నిజానికి నామినేషన్లు వేసినవారు 37 మంది, 36 తిరస్కరణకు గురయ్యాయి. 35 ఏళ్లు నిండితే చాలు, ఎవరైనా నిలబడొచ్చనుకునేవారికి ఇదే జవాబు. ఇప్పుడైతే నిబంధన ఇంకా గట్టిది. ఓటున్న ఎంపీలు, ఎమ్మెల్యేలలో 50 మంది ప్రతిపాదించాలి, మరో 50 మంది బలపరచాలి, రూ.15,000 డిపాజిట్ కట్టాలి.

డల్లాస్‌లో బాబాయి ఉన్న పిల్లాడికి ఇంకో అనుమానం: ‘అమెరికాలో నేరుగానే కదా?’ అక్కడా పూర్తిగా కాదు. పౌరులు వేసే ఓటుతో ఎన్నికయ్యేది 538 మంది ఎలెక్టర్లు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు ట్రంప్ కంటే సుమారు 28 లక్షల ఓట్లు ఎక్కువొచ్చినా ఓడిపోయారు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్న బాబాయికైతే ఆ ఓటూ లేదు.

పెట్టె సంగతి చెబితే వెనక బెంచీ కూడా వింటుంది. 2022 రాష్ట్రపతి ఎన్నికలో రాష్ట్రాలకు ఢిల్లీ నుంచి బ్యాలెట్ పెట్టెలు విమానంలో సీటు మీద కూర్చుని వెళ్లాయి, విడిగా టికెట్‌తో. ప్రయాణికుడి పేరు: మిస్టర్ బ్యాలెట్ బాక్స్.