విందు ఎక్కడ? విస్తరి ఎవరిది?

ఆధునిక కార్యాలయాల్లో కులం పేరెత్తి ఎవరూ అడగరు. ఇంటిపేరు, సొంతూరు అడిగాక ‘మీరు వెజ్జా, నాన్‌వెజ్జా?’ అంటారు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తున్న నేను ఈ ప్రశ్నను ఎక్కువగా విన్నది సహోద్యోగుల విందుకు హోటల్ ఎంపిక చేసే సందర్భాల్లోనే. పైకి ఇది రుచికి, ఖర్చుకు, దూరానికి సంబంధించిన చిన్న నిర్ణయం. దాని వెనకున్న తర్కాన్ని పరిశీలిస్తే, ఎవరి ఆహారం ప్రమాణం, ఎవరి ఆహారం మినహాయింపు అన్న పాత ప్రశ్నే ఎదురవుతుంది.

ఆ తర్కం ఇలా సాగుతుంది: ‘మాంసం తినేవారు శాకాహారమూ తినగలరు. శాకాహారులు మాంసం తినలేరు. కాబట్టి అందరికీ అనువైనది శాకాహార హోటలే.’ మొదటి రెండు వాక్యాలూ నిజమే. మూడోది వాటినుంచి రాదు. మాంసం తినలేకపోవడం వేరు, మాంసం వడ్డించేచోట కూర్చోలేకపోవడం వేరు. నగరంలోని బిర్యానీ హోటళ్లలోనూ పప్పు, పనీరు, కూరగాయల వంటకాలు దొరుకుతాయి. అలాంటప్పుడు అభ్యంతరం తన పళ్లెం గురించి కాదు, పక్కవారి పళ్లెం గురించి. తాను ఏం తినాలో నిర్ణయించుకోవడం ఎవరికైనా హక్కే. పక్కవారి విస్తరిపై పెత్తనం మాత్రం హక్కు కాజాలదు.

రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014లో జరిపిన నమూనా నమోదు సర్వే ప్రకారం పదిహేనేళ్లు, ఆపై వయసువారిలో తెలంగాణలో 98.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 98 శాతానికి పైగా మాంసాహారులు. అయినా ఇది సంఖ్యాబలంతో తేల్చే విషయం కాదు. బృందంలో శాకాహారి ఒక్కరే ఉన్నా వారికి కడుపునిండా భోజనం దొరకాలి. నా అభ్యంతరం తూకంలోని తేడాపైనే. శాకాహారి కోసం పదిమంది సర్దుకుంటే అది సంస్కారం అనిపించుకుంటుంది. పెద్దకూర తినే ఒకరు తన ఆహారం గురించి నోరు విప్పితే అది రాజకీయం అనిపించుకుంటుంది.

‘ప్యూర్ వెజ్’ అన్న మాటనే చూడండి. శాకాహారం ఒక ఆహారం. ‘ప్యూర్’ అన్నది ఒక తీర్పు. ఒకటి శుద్ధమైతే రెండోది మైల అని చెప్పకనే చెప్పినట్టు. మన పల్లెల్లో టీకొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతిని నడిపించింది ఈ భావనే. చదువుకున్నచోట అది పోయిందనుకోవడం భ్రమ. 2018 డిసెంబరులో ఐఐటీ మద్రాసు భోజనశాలలో శాకాహారులకు, మాంసాహారులకు వేర్వేరు ద్వారాలు, చేతులు కడుక్కునే వేర్వేరు చోట్లు సూచిస్తూ పోస్టర్లు వెలిశాయి. విమర్శల తర్వాత వాటిని తొలగించారు. 2024 మార్చిలో జొమాటో ‘ప్యూర్ వెజ్’ డెలివరీ కోసం ఆకుపచ్చ దుస్తుల సిబ్బందిని ప్రకటించి, మర్నాడే ఆ ప్రత్యేక దుస్తులను ఉపసంహరించుకుంది. ఎర్ర చొక్కా వేసుకున్నవారిని మాంసం తెచ్చేవారిగా గుర్తించి నివాస సముదాయాల్లోకి రానివ్వకపోవచ్చన్న ఆందోళన అందుకు ఒక కారణం. తినేవారి శుద్ధి పట్టింపు మోసుకొచ్చే శ్రామికుడి మీద ముద్రగా మారబోయింది.

విందు పేరిట జరిగేది తిండి మాత్రమే కాదు. మేనేజరు పక్కన రెండు గంటలు కూర్చున్నవారికి రాబోయే ప్రాజెక్టు సంగతి ముందుగా తెలుస్తుంది, విదేశీ అవకాశం చెవిన పడుతుంది, చనువు ఏర్పడుతుంది. నేను పనిచేసిన ఒక బృందంలో ఇద్దరు యువకులు ప్రతి విందుకూ ఏదో ఒక సాకు చెప్పి రావడం మానుకున్నారు. ‘మీ ఇంట్లో ఏం వండుతారు?’ అన్న ప్రశ్నకు నిజం చెబితే తమను ఏ వాడకు చేర్చి చూస్తారో వారికి తెలుసు. వారి గైర్హాజరీని అందరూ మొహమాటమే అనుకున్నారు.

హోటల్ గుమ్మంలో కులం పేరిట ఎవరినీ ఆపరాదని రాజ్యాంగంలోని 15(2) అధికరణ చెబుతోంది. ఏ హోటల్‌కు వెళ్లాలో మనం మాట్లాడుకునే తీరును ఏ అధికరణా సరిదిద్దలేదు. సహపంక్తి భోజనాలతోనే కులం పోదని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో హెచ్చరించారు. కులాంతర వివాహాలు కావాలన్నారు, శాస్త్రాల పవిత్రతపై నమ్మకం పోవాలన్నారు. ఆ మాట సత్యం. కలిసి తింటే కులం పోకపోవచ్చు. కలిసి తినడానికీ షరతులు పెడితే మాత్రం అది బలపడుతుంది.

చేయదగినవి పెద్ద పనులేమీ కావు. రెండు రకాల వంటా ఉన్న హోటల్‌నే సాధారణ నియమంగా పెట్టుకోవాలి. అక్కడ శాకాహార వంటకాలకు గరిటెలు, గిన్నెలు వేరుగా ఉండేలా ముందే మాట్లాడాలి. మతనిష్ఠ వల్ల వేరే వంటగది తప్పనిసరైన సహోద్యోగి ఉంటే, వంతులవారీగా కొన్ని విందులు అలాంటిచోట జరపాలి. ఎవరు ఏం తింటారో నలుగురిలో పేరుపేరునా అడగకుండా, ఏ వంటకాలు కావాలో పేర్లు లేకుండా రాయించుకోవాలి. ఆహ్వానంలోంచి ‘ప్యూర్’ అన్న మాట తీసేయాలి. విందు బిల్లు కట్టేది సంస్థ. ఆ సొమ్ము అక్కడ కూర్చున్న అందరి శ్రమ ఫలితం. కాబట్టి ఆ బల్ల మీద అందరి తిండికీ చోటు ఉండాలి, అదీ ఎవరి అనుమతీ అడగనక్కర లేకుండా.