సైకిల్ లేన్ కోసం కోర్టు మెట్లు

రోడ్డు పక్కన సైకిళ్లకు దారి గీయడం మునిసిపాలిటీ పని. కానీ ఆ దారి గీసినందుకో, గీసినదాన్ని చెరపబోయినందుకో కొన్ని నగరాల్లో విషయం కోర్టుల దాకా వెళ్లింది.

కెనడాలోని టొరంటో సంగతే చూడండి. బ్లూర్, యంగ్, యూనివర్సిటీ అవెన్యూ వీధుల్లో సైకిల్ లేన్లు తీసేయాలని 2024 నవంబరులో, ఆ నగరం ఉన్న ఒంటారియో ప్రావిన్సు ప్రభుత్వం ఏకంగా చట్టమే చేసింది. ట్రాఫిక్ తగ్గుతుందని చెప్పింది. ఆ లేన్లకు 2.7 కోట్ల డాలర్లు ఖర్చయితే, పీకేయడానికి కనీసం 4.8 కోట్లు కావాలని నగర అధికారులు అంచనా వేశారు. లేన్లు పోయాక సైకిలు తొక్కేవారు గాయపడినా, చనిపోయినా ప్రభుత్వంపై దావా వేయకూడదన్న నిబంధనను కూడా ఆ చట్టంలోనే చేర్చారు. ఇది చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. ప్రమాదం జరుగుతుందన్న అనుమానం లేకపోతే ఆ నిబంధన ఎందుకు?

‘సైకిల్ టొరంటో’ సంస్థ, ఇద్దరు సైక్లిస్టులు కోర్టుకెక్కారు. 2025 ఏప్రిల్‌లో స్టే వచ్చింది. ఆ లేన్లు తొలగించడం రాజ్యాంగ విరుద్ధమని జూలై 30న జస్టిస్ పాల్ షాబాస్ తీర్పు చెప్పారు. దానికి ఆధారం కెనడా హక్కుల చార్టర్‌లోని 7వ సెక్షన్. ప్రాణానికి, భద్రతకు హామీ ఇచ్చే ఆ సెక్షన్ మన రాజ్యాంగంలోని ఆర్టికల్ 21 లాంటిదే. సైకిల్ లేన్ వేయించుకునే హక్కు పౌరులకు ఉందని ఆయన అనలేదు. ఉన్న రక్షణను, రద్దీ తగ్గుతుందన్న ఆధారమేదీ చూపకుండా తీసేసి మనుషుల ప్రాణం మీదికి తేకూడదన్నారు. లేన్లు తీసినా రద్దీ తగ్గకపోవచ్చని ప్రభుత్వానికి ముందే సలహా అందిందని కూడా ఆ కేసులో బయటపడింది. తీర్పుపై ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.

అదే టొరంటోలో 2012లో జార్విస్ వీధి లేన్లను చెరిపేశారు. గీతలు గీకే బండికి అడ్డంగా కొందరు రోడ్డు మీద పడుకున్నారు. అప్పటి మేయర్ రాబ్ ఫోర్డ్. 2024 నాటి చట్టం తెచ్చిన ఒంటారియో ప్రభుత్వాధినేత (ప్రీమియర్) డగ్ ఫోర్డ్ ఆయన అన్నే.

న్యూయార్క్‌లో ప్రాస్పెక్ట్ పార్క్ వెస్ట్ వీధిది ఇంకో కథ. 2010లో అక్కడ సైకిల్ లేన్ కోసం మూడు కార్ల వరసలను రెండు చేశారు. పార్కు పక్కన సైకిళ్లు, తర్వాత ఆపిన కార్లు, ఆ తర్వాతే నడిచే కార్లు. అంటే ఆగి ఉన్న కార్లే సైకిళ్లకు గోడ. అంతకుముందు నాలుగింట మూడు కార్లు వేగం మీరేవి, తర్వాత అయిదింట ఒకటే. అయినా ఆ లేన్ తీసేయాలంటూ 2011లో దావా పడింది. నగర రవాణా విభాగానికి ఒకప్పుడు కమిషనర్‌గా చేసిన ఐరిస్ వైన్‌షాల్ కూడా ఈ లేన్‌ను వ్యతిరేకించారు. కేసు 2016 దాకా సాగి, వేసినవారే ఉపసంహరించుకోవడంతో ముగిసింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో పర్యావరణ చట్టమే సైకిల్‌కు అడ్డు తగిలింది! కార్లకు చోటు తగ్గితే అవి ఆగి ఆగి పొగ ఎక్కువ వదులుతాయని ఒకాయన వాదించారు. పర్యావరణ అధ్యయనం జరగలేదంటూ 2006లో కోర్టు నగర సైకిల్ ప్రణాళికను ఆపేసింది. నాలుగేళ్లు కొత్త లేన్ పనులు దాదాపు నిలిచిపోయాయి.

బెర్లిన్‌లో 2020లో, కరోనా కాలంలో హడావుడిగా వేసిన ఎనిమిది లేన్లను తీసేయమని కింది కోర్టు చెప్పింది. ఆ వీధుల్లో ప్రమాదం ఉందని నగరం రుజువు చేయలేదన్నది కారణం. నగరం వాహనాల లెక్కలు, ప్రమాదాల లెక్కలు పట్టుకుని పైకోర్టుకు వెళ్లింది. నెల తిరిగేసరికి ఆ ఉత్తర్వు నిలిచిపోయింది.

మన హైదరాబాద్‌లోనూ ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో మొదలైంది. ఏ ఊళ్లోనైనా ఇలాంటి దారి తీసేస్తామంటే, ఏ లెక్క చూసి తీస్తున్నారో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని ఆ చట్టంలో ఉంది.