చలి రాత్రులు తగ్గితే పుల్ల బీరుకు కటకట

బెల్లం వర్తకుడు ఒక్క వర్షాకాలం నిల్వకే జంకుతాడు. కోల్డ్ స్టోరేజీలో సరకు ఏడాది దాటితే రంగు దిగుతుందని మిర్చి వర్తకుడు కంగారుపడతాడు. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లోను, దాని పరిసర గ్రామాలలోను పుల్ల బీరు కాచేవారు మాత్రం సరకును ఏడాది నుండి మూడేళ్ల వరకు పీపాలలో వుంచి గాని బయటకు తీయరు. ‘లాంబిక్’ అనే యీ బీరులో వైను ద్రాక్షను నానవేసి తయారుచేసే రకాలకు యూరప్‌లోను, అమెరికాలోను కొనుగోలుదార్లు కాచుకొని వున్నారు. గిరాకీకి లోటు లేదు. లోటు వచ్చేది సరకుకే. అందుకు కారణం పెట్టుబడి కాదు, యంత్రాలు కాదు. చలి రాత్రులు తగ్గిపోతూ వుండటమే.

తోడు వేయని బీరు

మామూలు బీరు తయారీలో బార్లీ రసాన్ని కాచి, చల్లార్చి, ముందుగా పెంచి వుంచుకున్న ఈస్టును కలుపుతారు. పాలకు తోడు వేయడం వంటిదే యిది. కొద్ది రోజులలోనే పులియడం పూర్తవుతుంది. లాంబిక్‌కు తోడు వేయరు. గాలిలోను, కప్పు దూలాల మీద, పాత పీపాల కొయ్యలోను వుండే సూక్ష్మజీవులే దానిని పులియబెడతాయి. మన కల్లు గీతగాండ్రకు యీ సంగతి కొత్త కాదు. లొట్టిలోకి దిగిన నీరా ఏ ఈస్టూ వేయకుండానే పూట తిరిగేసరికి కల్లు అవుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే గాని అది తీపిగా నిలవదు. తేడా అంతా కాలంలోనే. కల్లుకు ఒక పూట చాలు. లాంబిక్‌కు సంవత్సరాలు కావాలి.

లాంబిక్‌లో కనీసం 30 శాతం గోధుమ వుండాలని బెల్జియం చట్టం. యీ గోధుమను మొలకెత్తించకుండానే వాడతారు. మిగిలినది బార్లీ మాల్టు. చేదు కోసం కాక, సరకు చెడకుండా వుండటం కోసం రెండు మూడేళ్లు నిల్వ చేసిన హాప్ పువ్వులను వేస్తారు. గంటల తరబడి కాచిన రసాన్ని సాయంత్రం బ్రూవరీ అటకపై వున్న లోతు తక్కువ రాగి తొట్టిలోకి తోడతారు. రాత్రంతా చలిగాలి తగిలి, తెల్లవారేసరికి అది 20 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి చల్లారుతుంది. అక్కడి నుండి పీపాలలోకి దింపుతారు. యీ పీపాలు చాలావరకు వైను వర్తకుల వద్ద వాడి వదిలేసినవే.

పీపాలో జరిగే పని ఒకే జాతి సూక్ష్మజీవి చేసేది కాదు. మొదట కొన్ని బాక్టీరియాలు, తరువాత మామూలు ఈస్టు, ఎండాకాలంలో పులుపు తెచ్చే లాక్టిక్ బాక్టీరియా, చివరకు బ్రెటనోమైసిస్ అనే మొండి ఈస్టు వరుసగా రంగంలోకి వస్తాయి. నడుమ ఒక దశలో బీరు చెడిన గంజివలె తీగ సాగుతుంది. తొందరపడి పారబోస్తే నష్టం. కొన్ని నెలలు ఓపిక పడితే బ్రెటనోమైసిస్ ఆ జిగురును తినివేసి సరకును తేటగా చేస్తుంది. ఇంత ఓపిక పట్టినా కొన్ని పీపాలు వెనిగర్ దారి పడతాయి. వాటిని వదులుకోవలసిందే.

ఇక ఆవిరి తరుగు వుంది. కొయ్య పీపా గాలి పీలుస్తుంది. మూడేళ్లలో దాదాపు ఐదో వంతు సరకు ఆవిరైపోతుంది. అనగా 400 లీటర్ల పీపాలో మిగిలేది 320 లీటర్లు. పెట్టుబడిపై మూడేళ్ల వడ్డీ, ఐదో వంతు తరుగు, చెడిన పీపాల నష్టం కలిపి చూస్తే గాని యీ సరకు అసలు ఖర్చు తేలదు.

ద్రాక్ష చేరేదెప్పుడు?

పాత లాంబిక్‌లో పండ్లు నానవేయడం ఆ ప్రాంతంలో పూర్వం నుండి వున్న అలవాటే. పుల్ల చెర్రీ పండ్లు వేసినదానిని ‘క్రీక్’ అంటారు. అందుకు పేరుబడ్డ చెర్రీలు బ్రస్సెల్స్‌ను ఆనుకొని వున్న స్కార్‌బేక్ తోటలవి. నగరం పెరిగి ఆ తోటలను మింగివేసింది. వైను ద్రాక్ష వాడకం అంతకంటె యిటీవలిది. ఆండర్‌లెక్ట్ పేటలో 1900లో స్థాపితమై, 1978 నుండి బీరు ప్రదర్శనశాలగా కూడా నడుస్తున్న కాంటియాన్ బ్రూవరీ యిందులో పేరు గడించింది. ఇటలీ నుండి వచ్చే తెల్ల మస్కట్ ద్రాక్షతో ‘వీన్యెరోన్’ అనే రకాన్ని, ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు మెర్లో, కాబెర్నే ఫ్రాంక్ నల్ల ద్రాక్షలతో ‘సెయింట్ లామ్‌వినుస్’ అనే రకాన్ని అది తయారుచేస్తుంది.

లీటరు లాంబిక్‌కు 200 నుండి 300 గ్రాముల పండు పడుతుంది. 300 గ్రాముల లెక్కన 100 హెక్టో లీటర్లకు, అనగా 10 వేల లీటర్లకు 30 క్వింటాళ్ల ద్రాక్ష కావాలి. ద్రాక్ష వర్తకునికి యిది లారీలో ఒక మూలకు సరిపోయే సరకు. బీరు కాచేవారికి మాత్రం అది పెద్ద ఖర్చు. ఎందుకంటే దాని నుండి వైను తీసేవారితో పోటీపడి, వైను ధర చెల్లించి కొనాలి.

సుమారు రెండేళ్లు నిలవవున్న లాంబిక్‌లో ద్రాక్ష వేయగానే నిద్రపోయిన పీపా మేలుకుంటుంది. పండులోని పంచదారను ఈస్టు అందుకొని మళ్లీ పులియడం ఆరంభిస్తుంది. 5 శాతం ప్రాంతంలో వుండే ఆల్కహాలు 6 శాతానికి, ఒక్కొక్కప్పుడు అంతకు పైకి చేరుతుంది. తొక్క నుండి రంగు, వగరు దిగుతాయి. ధాన్యపు పులుపుకు ద్రాక్ష పులుపు తోడవుతుంది. కొన్ని నెలల తరువాత వడగట్టి, లేత లాంబిక్ కొంచెం కలిపి, సీసాలకు ఎత్తి బిరడా బిగిస్తారు. ఆ లేత లాంబిక్‌లో మిగిలివున్న పంచదారే సీసాలో నురుగుకు ఆధారం.

పీపాల ఖాళీకి, పండ్ల రాకకు లంకె వుంది. చెర్రీలు వేసవిలో వస్తాయి. ద్రాక్ష సెప్టెంబరు, అక్టోబరు నెలలలో అన్నిటికంటె చివర వస్తుంది. ఆ వెంటనే చలి మొదలై కొత్త బీరు కాచే కాలం వస్తుంది. ద్రాక్ష కోసం తీసిన పాత లాంబిక్ పీపాలు కడిగి ఆరబెట్టుకొనే సమయానికి కొత్త రసం సిద్ధమవుతుంది. పూర్వం యీ రెండు పంచాంగాలు ఒకదాని పక్కన ఒకటి చక్కగా అమరి వుండేవి.

తినే ద్రాక్ష పనికిరాదా?

బ్రస్సెల్స్‌కు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో హూయ్‌లార్ట్, ఓవరైసె అనే వూళ్లు వున్నాయి. బెల్జియం చలిలో ద్రాక్ష పండదు గనుక 1865లో ఫెలిక్స్ సోహీ అనే తోటమాలి హూయ్‌లార్ట్‌లో గాజు యింటిలో ద్రాక్ష పెంపకం ప్రారంభించాడు. అది లాభసాటిగా వుండటంతో వూరువూరంతా గాజు యిళ్లు లేచాయి. 20వ శతాబ్దం మధ్యనాటికి ఆ ప్రాంతంలో వాటి సంఖ్య 30 వేలు దాటింది. లావుపాటి నల్ల గుత్తులను కాగితంలో చుట్టి విదేశాలకు ఎగుమతి చేసేవారు.

యూరప్ ఉమ్మడి మార్కెట్టు ఏర్పడిన తరువాత ఇటలీ ఎండలో చవకగా పండిన ద్రాక్ష సుంకం లేకుండా వచ్చిపడింది. 1973లో చమురు ధర ఎగసినప్పుడు గాజు యిళ్లను వెచ్చబెట్టే ఖర్చు పండు ధరను మించింది. గాజు యిళ్లు వేల సంఖ్యలో మూతపడ్డాయి. మిగిలిన కొద్దిమంది రైతుల ద్రాక్షకు 2008లో యూరోపియన్ యూనియన్ ప్రాంతీయ నామ రక్షణ కల్పించింది.

పక్కనే పులియబెట్టే పరిశ్రమ వుండగా యీ ద్రాక్షకు అది ఎందుకు ఆసరా కాలేదన్న ప్రశ్న సహజం. సమాధానం పండులోనే వుంది. బల్లమీద పెట్టి తినే ద్రాక్ష లావుగా, నీరుగా, పలుచని రుచితో వుంటుంది. వైను ద్రాక్ష చిన్నది, గింజలది, తొక్క మందమైనది. దానిలో పంచదార 20 నుండి 24 శాతం దాకా వుంటుంది, పులుపు కూడా హెచ్చు. రెండేళ్లు నిలవవున్న పుల్ల బీరులో పడ్డ తర్వాత తీపి అంతా పులిసిపోతుంది. మిగిలేవి వాసన, వగరు, పులుపు మాత్రమే. అవి లేని పండు వేస్తే నీళ్లు కలిపినట్లే.

హైదరాబాద్ పరిసరాలలో ఒకప్పుడు పందిళ్లపై విరగకాసిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష సంగతీ యిటువంటిదే. చూపుకు బంగారం. పంచదార 14 నుండి 16 శాతం. అది అంగడికి పండించిన పండేగాని పీపాకు పండించినది కాదు. ధర పడిపోయినప్పుడు మిగులు ద్రాక్షను పులియబెట్టి గట్టెక్కవచ్చునని తలచే రైతుకు బ్రస్సెల్స్ అనుభవం ఒక హెచ్చరిక. పుల్ల బీరు కాచేవారు మిగులు సరకును కొనరు. కొద్దిగా కొంటారు, మేలురకమే కొంటారు.

దూరమవుతున్న రెండు పంచాంగాలు

లాంబిక్ కాచడానికి రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 3 నుండి 8 డిగ్రీల మధ్య వుండాలని కాంటియాన్ యజమాని ఝాన్ వాన్ రోయ్ చెబుతూ వచ్చారు. రాత్రి వెచ్చగా వుంటే తొట్టిలోని రసం నెమ్మదిగా చల్లారి, అక్కరలేని బాక్టీరియా ముందుగా చొరబడుతుంది. ఆయన తాతగారి కాలంలో అక్టోబరు మధ్య నుండి మే వరకు కాచేవారు. ఆయన కాలం వచ్చేసరికి అది నవంబరు మొదలు నుండి మార్చి చివర వరకు కుదించుకుపోయింది. 2015 నవంబరులో రాత్రులు చల్లబడకపోవటంతో ఆ బ్రూవరీ కొన్ని విడతల సరకును వదులుకొని, కాచడం ఆపవలసి వచ్చింది.

ద్రాక్ష వైపు మార్పు దీనికి ఎదురుదిశలో వుంది. ఫ్రాన్సులో బూర్గోన్ ప్రాంతపు బోన్ పట్టణంలో 1354 నుండి ద్రాక్ష కోతల తేదీల లెక్కలు దొరుకుతున్నాయి. వాటిని పరిశీలించి 2019లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం 1988 తరువాత కోతలు అంతకు ముందరి శతాబ్దాల కంటె సగటున 13 రోజులు ముందుగా జరుగుతున్నాయి. ఎండ ఎక్కువై పండు త్వరగా పండితే పంచదార పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. ఆ లెక్కన ద్రాక్ష ముందుగా వస్తున్నది, చలి ఆలస్యంగా వస్తున్నది. ఒకదాని పక్కన ఒకటి వుండిన రెండు పంచాంగాలు దూరమవుతున్నాయి.

చల్లబరిచే యంత్రం పెడితే సరిపోదా అని అడగవచ్చు. మామూలు బీరుకు సరిపోతుంది. లాంబిక్‌కు రాత్రిగాలి చల్లబరిచే సాధనం మాత్రమే కాదు, తోడు కూడా అదే. మూతపెట్టిన గొట్టాలలో చల్లార్చితే ఆ తోడు అందదు. పైగా లాంబిక్, గూజ్ పేర్లకు 1997లో యూరోపియన్ యూనియన్ సంప్రదాయ ఉత్పత్తుల గుర్తింపు యిచ్చింది. సహజంగా పులియడం ఆ గుర్తింపుకు మూలం. పేరు నిలవాలంటే పద్ధతి నిలవాలి.

ఇతరచోట్ల వేరు దారులు తొక్కుతున్నవారు వున్నారు. ఇటలీలో టురిన్ సమీపాన మారెంటీనో గ్రామంలోని లవర్‌బీర్ అనే చిన్న బ్రూవరీ బార్బెరా ద్రాక్షను నేరుగా బీరు రసంలో వేసి, ద్రాక్ష తొక్క మీది ఈస్టుతోనే పులియబెడుతున్నది. తోట పక్కనే వుండటం, చలిరాత్రితో పని లేకపోవటం దీనిలోని సౌకర్యం. ద్రాక్ష కలిసిన ఇటలీ బీర్లు పెరగటంతో 2015లో అమెరికాలోని బీరు న్యాయనిర్ణేతల సంస్థ వాటిని ఒక ప్రత్యేక శైలిగా గుర్తించింది. కాని అది బ్రస్సెల్స్ సరకుకు ప్రత్యామ్నాయం కాదు. అందులో రెండేళ్ల పాత లాంబిక్ లేదు.

ముందు చూపు

ఈ సరకు ధరను నిర్ణయించేది చాలావరకు పాత లాంబిక్ నిల్వే. ద్రాక్ష దొరకకపోతే మరొక తోట నుండి తెప్పించవచ్చు. ఒక శీతాకాలంలో కాచకుండా పోయిన పీపాను మరెక్కడా కొనలేరు. ఆ లోటు ఆ ఏడు కనిపించదు. ద్రాక్ష వేయవలసిన రెండేళ్ల లాంబిక్ కోసం వెతికేటప్పుడు బయటపడుతుంది. గూజ్ అనే మిశ్రమంలో పాతకాలపు మేలురకానికి మూడేళ్ల లాంబిక్ కూడా కావాలి గనుక, అక్కడ మరొక ఏడు ఆలస్యంగా తెలుస్తుంది.

ఒక చెడ్డ శీతాకాలాన్ని పాత నిల్వలతో సర్దుకోవచ్చు. వరుసగా రెండు వస్తే ద్రాక్ష రకానికా, గూజ్‌కా అని వున్న పీపాలను పంచుకోవలసి వస్తుంది. గూజ్ యింటి ప్రధాన సరకు గనుక కోత ముందుగా ద్రాక్ష రకంపైనే పడే అవకాశం హెచ్చు. కనుక వచ్చే ఏడు యీ సీసాల లభ్యత ఎలా వుంటుందో తెలుసుకోదలచినవారు ద్రాక్ష బజారు ధరవరలకంటె ముందు, రెండేళ్ల కిందట బ్రస్సెల్స్‌లో ఎన్ని రాత్రులు చలివేసిందో చూడటం మంచిది.