కౌమారదశలో కంకషన్ అనంతర లక్షణాలు

తలకు గాని, మెడకు గాని, శరీరానికి గాని బలమైన దెబ్బ తగిలినపుడు మెదడు పుర్రెలో ఒక్కసారిగా అదిరి, దాని పనితీరు తాత్కాలికంగా దెబ్బతినడాన్ని కంకషన్ అంటారు. ఇది తేలికపాటి మెదడు గాయాల కోవకు చెందినది. పిల్లలలో, కౌమారదశలో ఉన్నవారిలో ఎక్కువమంది నాలుగు వారాలలోపు పూర్తిగా కోలుకొంటారు. కొందరిలో మాత్రం తలనొప్పి, తలతిప్పు, ఏకాగ్రత లోపం వంటి బాధలు నెల దాటినా తగ్గవు. వీటిని కంకషన్ అనంతర దీర్ఘకాలిక లక్షణాలు అంటారు. సరైన చికిత్సతో వీరిలో చాలామంది కోలుకోగలరు.

మెదడులో జరిగే మార్పులు

దెబ్బ తగిలినపుడు నాడీకణాల పొరలు సాగుతాయి. అందువలన కణాలలోని పొటాషియం బయటకు, బయట ఉన్న కాల్షియం లోపలికి ప్రవహిస్తాయి. ఈ సమతౌల్యాన్ని సరిచేయడానికి కణాలు అధికంగా శ్రమించి ఎక్కువ గ్లూకోజును కోరుతాయి. సరిగా అదే సమయంలో మెదడుకు రక్తప్రసరణ తగ్గుతుంది. ఈ విధంగా అవసరం పెరిగి సరఫరా తగ్గడం వలన మెదడులో శక్తి కొరత ఏర్పడుతుంది. అమెరికా పరిశోధకులు క్రిస్టొఫర్ గీజా, డేవిడ్ హోవ్డా 2001లో ప్రచురించిన వ్యాసంలో ఈ క్రమాన్ని వివరించారు.

సి.టి., ఎం.ఆర్.ఐ. స్కానులు ముఖ్యంగా మెదడు నిర్మాణాన్ని చూపుతాయి. కంకషన్‌లో దెబ్బతినేది ప్రధానంగా పనితీరు. కనుక స్కాను మామూలుగా ఉన్నంత మాత్రాన రోగి చెప్పే బాధలు అబద్ధమని భావించరాదు.

లక్షణాలు

కంకషన్ లక్షణాలను నాలుగు రకాలుగా విభజించవచ్చు.

శారీరకమైనవి: తలనొప్పి, తలతిప్పు, వికారం, వెలుతురును, శబ్దాన్ని భరించలేకపోవడం, త్వరగా అలసిపోవడం.
ఆలోచనకు సంబంధించినవి: ఏకాగ్రత లోపించడం, మతిమరుపు, మెల్లగా సమాధానం చెప్పడం.
మానసికమైనవి: చిరాకు, దిగులు, ఆందోళన.
నిద్రకు సంబంధించినవి: నిద్ర పట్టకపోవడం లేదా అతిగా నిద్రపోవడం.

కంకషన్ వస్తే స్పృహ తప్పి తీరుతుందనేది అపోహ. ఎక్కువమందికి స్పృహ తప్పదు. లక్షణాలు కొన్ని గంటల తరువాత కూడా బయటపడవచ్చు. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ స్మిత్ మెడకు బంతి తగిలింది. ఆరోజు ఆయన తిరిగి బ్యాటింగు చేయగలిగాడు. మరుసటి రోజు లక్షణాలు కనిపించడంతో ఆటనుండి తప్పుకొన్నాడు. ఆయన స్థానంలో మార్నస్ లబుషేన్ టెస్టు క్రికెట్టులో మొదటి కంకషన్ ప్రత్యామ్నాయ ఆటగాడుగా ఆడాడు.

ఎవరికి ఎక్కువకాలం ఉంటాయి

కెనడాలోని 9 పిల్లల ఆసుపత్రుల అత్యవసర విభాగాలలో, 5 నుండి 18 సంవత్సరాల లోపువారు 3,000 మందికి పైగా పాల్గొన్న అధ్యయనం 2016లో వెలువడింది. రోజర్ జెమెక్ దీనికి నాయకత్వం వహించారు. అందులో సుమారు 30 శాతం మందికి 28 రోజుల తరువాత కూడా లక్షణాలు ఉన్నట్లు తేలింది. 13 సంవత్సరాలు నిండినవారికి, బాలికలకు, పూర్వం మైగ్రేను ఉన్నవారికి, వారం దాటి బాధించిన కంకషన్ ఇదివరకే వచ్చినవారికి ఈ అవకాశం ఎక్కువ.

నెలలు గడిచిన తరువాత మిగిలిన బాధలకు ఒకే కారణం ఉండదు. దెబ్బతో పాటు మెడ కండరాలు గాయపడి తలనొప్పి రావచ్చు. లోపలి చెవిలోని సమతౌల్య వ్యవస్థ దెబ్బతిని తలతిప్పు రావచ్చు. రెండు కళ్ళు కలిసి పనిచేయక చదువుతున్నపుడు అక్షరాలు మసకబారవచ్చు. నొప్పి మాత్రలు తరచుగా వాడడం వలన కూడా తలనొప్పి కొనసాగవచ్చు. వీటికి తోడు నిద్ర చెడడం, స్నేహితులకు, ఆటలకు దూరం కావడం వలన దిగులు కలిగి, ఆ దిగులు మళ్ళీ తలనొప్పిని, నిద్రలేమిని పెంచుతుంది.

విశ్రాంతి గురించి మారిన అభిప్రాయం

లక్షణాలు పూర్తిగా పోయేవరకు చీకటి గదిలో పడుకొని ఉండాలని పూర్వం సలహా ఇచ్చేవారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 11 నుండి 22 సంవత్సరాల వయసువారిపై జరిపిన అధ్యయనం 2015లో ప్రచురితమైనది. ఐదు రోజులు కఠినమైన విశ్రాంతి తీసుకొన్నవారు, ఒకటి రెండు రోజుల విశ్రాంతి తరువాత క్రమంగా పనులు మొదలుపెట్టినవారి కంటే ఎక్కువ లక్షణాలను తెలియజేశారు.

2022 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డాంలో జరిగిన అంతర్జాతీయ సదస్సు అనంతరం 2023లో వెలువడిన ప్రకటన ప్రకారం, మొదటి 24 నుండి 48 గంటలు పాక్షిక విశ్రాంతి చాలును. ఈ సమయంలో ఇంటి పనులు, నడక వంటివి చేయవచ్చు. సెల్‌ఫోను, టి.వి. చూడడం మొదటి 48 గంటలు తగ్గించాలి.

చికిత్స

వ్యాయామం: అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో జాన్ లెడ్డీ, ఆయన సహచరులు ట్రెడ్‌మిల్ పరీక్షను రూపొందించారు. నడుస్తున్నపుడు లక్షణాలు ఏ గుండె వేగం వద్ద పెరుగుతాయో గుర్తించి, అందులో 80 శాతం వేగం మించకుండా రోజుకు 20 నిమిషాలు వ్యాయామం చేయిస్తారు. ఉదాహరణకు నిమిషానికి 150 వద్ద తలనొప్పి పెరిగితే, 120 వరకు వ్యాయామం చేయవచ్చు. 2019లో ప్రచురించిన ప్రయోగంలో, గాయపడిన పది రోజులలోపు ఈ వ్యాయామం మొదలుపెట్టిన 13-18 సంవత్సరాల వారు మధ్యస్థంగా 13 రోజులలో కోలుకొన్నారు. కేవలం శరీరాన్ని సాగదీసే కదలికలు చేసినవారికి 17 రోజులు పట్టింది. వ్యాయామ సమయంలో బాధ కొద్దిగా పెరిగి గంటలోపు తగ్గిపోతే దానివలన హాని లేదు.

ఫిజియోథెరపీ: మెడనొప్పి, తలతిప్పు ఉన్నవారికి మెడ కండరాలకు, సమతౌల్యానికి, కళ్ళ కదలికలకు వేరువేరు అభ్యాసాలు చేయిస్తారు.

మానసిక చికిత్స: అమెరికాలోని సియాటెల్ నగరంలో, నెలకు పైగా లక్షణాలతో బాధపడుతున్న 11-17 సంవత్సరాల వారు 49 మందిపై ఒక ప్రయోగం జరిగింది. ఒక వర్గానికి మామూలు వైద్యం అందించారు. రెండవ వర్గానికి ఆలోచనా ప్రవర్తనా చికిత్స, బడితో, వైద్యులతో సమన్వయం, అవసరమైతే మానసిక వైద్యుని సలహా అందించారు. ఆరు నెలల తరువాత తీవ్ర లక్షణాలు రెండవ వర్గంలో 13 శాతం మందిలో, మొదటి వర్గంలో సుమారు 42 శాతం మందిలో మిగిలాయి. ఈ ఫలితాలు 2016లో వెలువడినాయి. ఈ చికిత్స అవసరమైనంత మాత్రాన బాధ కల్పితమని అర్థం కాదు.

నిద్ర: ప్రతిదినం ఒకే సమయానికి పడుకోవడం, లేవడం, పడకమీద సెల్‌ఫోను వాడకపోవడం ముఖ్యం.

బడికి తిరిగి వెళ్ళడం

చదువుకు తిరిగి రావడం ఆటకు తిరిగి రావడం కంటే ముందు జరగాలి. మొదట ఇంట్లో కొద్దిసేపు చదవడం, తరువాత పూట బడి, ఆపై పూర్తి బడి అనే క్రమం పాటిస్తారు. మధ్యలో విరామాలు, హోంవర్కు తగ్గింపు, పరీక్షలకు అదనపు సమయం, అక్షరాలు పెద్దవిగా ముద్రించిన నోట్సు వంటి సౌకర్యాలు ఉపకరిస్తాయి. గాయం పైకి కనిపించదు కాబట్టి ఉపాధ్యాయులు, తోటివారు దీనిని సాకుగా భావించే ప్రమాదం ఉన్నది. పదవ తరగతి, ఇంటర్మీడియట్ చదివేవారిపై పరీక్షల ఒత్తిడి కూడా తోడవుతుంది. వైద్యుడు వ్రాసి ఇచ్చే ఉత్తరం ఈ విషయంలో విద్యార్థికి రక్షణగా ఉంటుంది.

ఆటకు తిరిగి వెళ్ళడం

ఇది ఆరు దశలలో జరుగుతుంది: మామూలు పనులు, తేలిక నుండి మధ్యస్థ వ్యాయామం, ఒంటరి సాధన, ఇతరులను తాకని సాధన, పూర్తి సాధన, పోటీ. ఒక్కొక్క దశకు కనీసం 24 గంటలు పట్టాలి. లక్షణాలు పూర్తిగా పోయి వైద్యుడు అనుమతించిన తరువాతనే కబడ్డీ, ఫుట్‌బాల్ వంటి ఆటలలో ఇతరులను ఢీకొనే దశకు చేరాలి. కోలుకోకముందే మరొక దెబ్బ తగిలితే, అరుదుగా మెదడు వాచి ప్రాణాపాయం కలుగవచ్చు.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 2009లో లిస్టెడ్ చట్టం చేసింది. 2006లో 13 ఏళ్ళ వయసులో ఫుట్‌బాల్ ఆటలో తలకు దెబ్బ తగిలిన తరువాత తిరిగి ఆడి, తీవ్రంగా గాయపడిన బాలుని పేరు దీనికి పెట్టారు. కంకషన్ అనుమానం ఉన్న క్రీడాకారుని వెంటనే ఆటనుండి తప్పించాలని, లైసెన్సు కలిగిన ఆరోగ్య నిపుణుని వ్రాతపూర్వక అనుమతి లేనిదే తిరిగి ఆడనీయరాదని ఈ చట్టం చెబుతుంది. 2014 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రాలు ఇటువంటి చట్టాలు చేశాయి.

అత్యవసర సూచనలు

తలకు దెబ్బ తగిలిన తరువాత ఈ క్రిందివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి: అంతకంతకు పెరిగే తలనొప్పి, పలుమార్లు వాంతులు, ఫిట్సు, నిద్రనుండి లేపలేకపోవడం, మాట తడబడడం, కాలు చేయి బలహీనపడడం, ఒక కంటిపాప రెండవదానికంటే పెద్దదిగా ఉండడం.

నివారణ

భారతదేశంలో 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, నాలుగు సంవత్సరాలు దాటినవారు ద్విచక్ర వాహనంపై హెల్మెట్ ధరించాలి. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఉన్నది. హెల్మెట్ తీవ్రమైన తల గాయాలను బాగా తగ్గిస్తుంది కాని కంకషన్‌ను పూర్తిగా ఆపలేదు. అందువలన దెబ్బ తగిలినపుడు దాచకుండా పెద్దలకు చెప్పడం పిల్లలకు నేర్పాలి.