తెల్లారేలోగా దించితే నీరా... పొద్దెక్కితే కల్లు

మొగల్తూరు తీర గ్రామాలకు తాటిచెట్టు కొత్త కాదు. అయితే దాన్ని కలప కిందో, కల్లు కిందో లెక్కగట్టడమేగాని, అందులో బెల్లం ఉందన్న సంగతి చాలామంది మరిచిపోయారు.

గెల నుంచి కారే తాజా రసమే నీరా. ఇందులో నూటికి 10 నుంచి 12 పాళ్ళు పంచదార ఉంటుంది. కుండలో చేరే ఈస్ట్ ఈ తీపిని ఆల్కహాలుగా మారుస్తుంది. ద్రాక్షరసం వైన్ అయ్యేదీ ఇలాగే. కాకపోతే దానికి రోజులు పడుతుంది, తాటి రసానికి మన ఎండల్లో కొద్ది గంటలు చాలు.

అందుకే కల్లు వాసన ఉన్న కుండ వాడకూడదు. వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, లోపల సున్నం పూయాలి. సాయంత్రం కట్టిన కుండను తెల్లారకముందే దించాలి. రసాన్ని బట్టలో వడకట్టి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పెనంలో పోసి వెంటనే కాచాలి. పాకం చుక్క నీళ్ళలో వేస్తే ఉండకట్టాలి. అప్పుడు దించి అచ్చుల్లో పోయాలి. సుమారు 8 లీటర్ల నీరాకు కిలో బెల్లం వస్తుంది.

నీరాకు గిరాకీ లేదనుకోవద్దు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023లో నీరా కేఫ్ తెరిచారు. అయితే గీత మొదలెట్టే ముందు ఎక్సైజ్ శాఖ అనుమతి గురించి తప్పక కనుక్కోవాలి. సాగు, తయారీ మెళకువలకు పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానాన్ని సంప్రదించవచ్చు.

చెరువు తవ్వకానికి అడ్డమని గట్టు మీది తాడిని కొట్టేసే ముందు ఒక్కసారి ఆలోచించండి. ఇవాళ టెంక పాతితే అది గీతకొచ్చేసరికి 12 నుంచి 15 ఏళ్ళు పడుతుంది.