కడెం నది వెంట రెండు రోజులు: ఖానాపూర్ కుటుంబములకు ఒక యాత్రా ప్రణాళిక

మన పల్లెలలో పెండ్లికి ఆరు నెలల ముందే లెక్కలు వేసుకుంటాము. విత్తనము, ఎరువు, కూలి అన్నీ వానలకు ముందే ఆలోచిస్తాము. విశ్రాంతికి మాత్రము ఎవరూ లెక్క వేయరు. "యాత్రలు పట్నపోళ్లకు గాని మనకెందుకు?" అనే మాట మేము ఎన్నో ఇండ్లలో విన్నాము. ఏడాది పొడుగునా పొలములో నడుము వంచి, తెల్లవారక ముందే పొయ్యి వెలిగించే తల్లికి రెండు రోజుల విశ్రాంతి అవసరము లేదని ఎవరు అనగలరు? ఈ నెల ఆ సంగతినే పాఠకుల ముందు ఉంచుతున్నాము.

దూర దేశము నుండి ఒక పాఠము

మేరీ జోన్స్ అనే పేద బాలిక 1800లో బైబిలు కొరకు సుమారు 25 మైళ్లు నడిచి వెళ్లిన కథ మన సండే స్కూలు పిల్లలకు తెలిసినదే. ఆమె పుట్టిన దేశము వేల్స్. ఆ దేశపు సముద్ర తీరములో, అలలకూ పొలములకూ మధ్య, పంటకు పనికిరాని ఇసుక దిబ్బల గడ్డి నేల ఉంటుంది. ఆ నేల మీదనే గోల్ఫ్ ఆట స్థలములు వెలిసినవి. వాటిని 'లింక్స్' అంటారు. అబర్డోవీలో 1892లోను, హార్లెక్ పాత కోట క్రింద 1894లోను ఏర్పడిన క్లబ్బులు నేటికీ నడుస్తున్నవి.

అక్కడికి స్నేహితులు జట్టుగా సెలవులకు వెళ్తారు. కర్రతో చిన్న బంతిని కొట్టి గుంతలో వేసే ఆ ఆట మన పల్లెలకు కొత్తదే. అయినను యాత్రకు వారు సిద్ధపడే తీరు మనము నేర్చుకొనదగినది. తేదీ నెలల ముందే నిర్ణయిస్తారు. ఆటకు వేళ ముందే అడిగి పెట్టుకుంటారు. తెలివైనవారు ఒక ఊరిలో దిగి, దాని చుట్టుప్రక్కల రెండు మూడు చోట్లకే వెళ్తారు. సముద్రపు గాలివాన వస్తుందని ఒక పూట ఖాళీగా ఉంచుకుంటారు. ముందుగా, దగ్గరగా, తీరికగా - ఈ మూడు మాటలూ మనకూ సరిపోతాయి.

ఎక్కడికి వెళ్లవచ్చును?

సంఘ యాత్ర అనగానే మనకు మెదక్ దేవాలయము గుర్తుకు వస్తుంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన ఆ దేవాలయము తప్పక చూడదగినదే. కాని చంటిపిల్లలతో, ముసలివారితో అది దూర ప్రయాణము. మొదటిసారి బయలుదేరే కుటుంబములకు మన ఇంటి ప్రక్కనే ఉన్న కడెం నది చాలును.

మొదటి రోజు ఖానాపూర్ నుండి నిర్మల్ చేరి, మహబూబ్ ఘాట్ ఎక్కి, నేరడిగొండ మీదుగా కుంటాల జలపాతమునకు వెళ్లవచ్చును. కడెం నది అక్కడ సుమారు 150 అడుగుల ఎత్తు నుండి దూకుతుంది. మెట్లు చాలా ఉన్నవి. దిగడము సులభము, ఎక్కడము కష్టము. అందుకే అందరూ తాజాగా ఉన్న ఉదయమే అక్కడికి చేరాలి. మోకాళ్ల నొప్పులున్నవారు పైననే నీడలో కూర్చొనవచ్చును. వారి తోడుగా ఒకరు ఉండాలి. మధ్యాహ్నము పొచ్చెర జలపాతము చూసి, సాయంకాలమునకు నిర్మల్ తిరిగి రావచ్చును. అక్కడ పొణికి కర్రతో బొమ్మలు చెక్కి, రంగులు వేసే కళాకారుల పనిని పిల్లలకు చూపించండి. రాత్రి బస నిర్మల్‌లోనే.

రెండవ రోజు అదే రోడ్డున ఖానాపూర్ మీదుగా కడెం వెళ్లాలి. మన ఊరు దారిలోనే వస్తుంది గనుక అలసిన పెద్దలు అక్కడ దిగిపోవచ్చును. నిన్న కొండ మీద నుండి దూకిన నీరే ఈ రోజు ప్రాజెక్టులో నిలిచి, కాలువల ద్వారా పొలములకు పారుతున్నదని పిల్లలు కళ్లారా చూస్తారు. పాఠ్యపుస్తకము చెప్పలేని పాఠము అది. అక్కడి నుండి జన్నారము. 2012 నుండి పులుల రక్షిత ప్రాంతముగా ఉన్న కవ్వాల్ అడవి అక్కడ ఉన్నది. అటవీ శాఖవారి వాహనములో అడవి చూడవచ్చును. వేళలు, రుసుము ముందే ఫోను చేసి అడగండి. మైకులు, పాటల పెట్టెలు అడవిలోనికి తేవద్దు. దారిలోని గోండు గూడెములు చూడబోయే వింతలు కావు, మనవంటి కుటుంబముల ఇండ్లు. అడగకుండా ఫోటోలు తీయకూడదు.

ఎప్పుడు?

వానలు తగ్గి, వరి కోతలు ముగిసి, పత్తి ఏరుటలో కొంత తెరపి దొరికే డిసెంబరు మొదటి వారము మంచిదని మా ఆలోచన. జలపాతములో నీరు ఉంటుంది, ఉద్ధృతి తగ్గి ఉంటుంది. అయితే ఆదిలాబాద్ చలి సంగతి తెలిసినదే. చంటిపిల్లలకు, అవ్వలకు, తాతలకు స్వెటర్లు, రగ్గులు మరువరాదు.

ఇక "బర్లను ఎవరు చూస్తారు?" అనేది ప్రతి ఇంటిలోనూ వచ్చే ప్రశ్న. సంఘ కుటుంబములు రెండు జట్లు కావాలి. ఈ ఏడు ఒక జట్టు వెళ్తే రెండవ జట్టువారు వారి పశువులకు మేత వేసి, పాలు పిండి, ఇండ్లు చూసుకోవాలి. వచ్చే ఏడు వీరి వంతు.

ఖర్చు ఎట్లా?

మిత్తికి అప్పు తెచ్చి యాత్ర చేయవద్దు. బస్సు అద్దె, బస, భోజనము అన్నీ ముందుగా విచారించి, మొత్తమును కుటుంబముల సంఖ్యతో భాగించండి. ఒక కుటుంబపు వాటా 2,000 రూపాయలు వచ్చినదనుకొనండి. మార్చి మొదటి వారములో మొదలుపెడితే డిసెంబరునాటికి 40 వారములు. వారమునకు 50 రూపాయలు ప్రక్కన పెడితే చాలును. లెక్క పుస్తకము ఇద్దరి దగ్గర ఉండాలి. వితంతువుల వాటా, మరీ పేదవారి వాటా అందరూ పంచుకుంటే ఎవరూ వెనుక మిగిలిపోరు.

డబ్బు మిగులుతుందని డీసీఎంలోనో, ట్రాలీలోనో మనుషులను ఎక్కించవద్దు. సరుకుల బండిలో జనమును తీసికొనిపోవుట చట్టవిరుద్ధము. బోల్తా పడితే పట్టుకొనుటకు ఏమీ ఉండదు. ఆర్టీసీ డిపోలో అద్దె బస్సు అడగండి.

నీటి దగ్గర జాగ్రత్త

ఇది అన్నిటికంటె ముఖ్యము. కుంటాలలో ఈత తెలిసిన యువకులే ప్రాణములు పోగొట్టుకున్నారు. జలపాతము క్రింది మడుగులు లోతైనవి, బండలు పాచిపట్టి జారుతవి. ఎవరూ నీటిలోనికి దిగరాదని బస్సు కదలక ముందే అందరి ఎదుట నిర్ణయించండి. అయిదుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషిని పెట్టండి. ఫోనులో ఫోటో కొరకు అంచున నిలబడనివ్వవద్దు.

కడెంలోనూ ఇదే మాట. 2022 జూలైలో గేట్లు వదలగలిగినదానికంటె ఎక్కువ వరద వచ్చి, నీరు ఆనకట్ట మీదుగా పారింది. క్రింది గ్రామములను ఖాళీ చేయించవలసి వచ్చింది. పైన కొండలలో వాన పడితే మన దగ్గర ఎండగా ఉన్నా నది పెరుగుతుంది. కనుక వాన సూచన ఉంటే యాత్రను మరో వారమునకు మార్చుకొనండి. తేదీ పోతే మరల వస్తుంది.

అమ్మకు కూడ సెలవే

అనేక యాత్రలలో మగవారు, పిల్లలు తిరిగి వస్తారు. ఆడవారు మాత్రము గిన్నెల దగ్గరే ఉండి వస్తారు. ఇంటి పొయ్యి వదలి చెట్టు క్రింది పొయ్యి దగ్గర కూర్చుంటే అది విశ్రాంతి కాదు. మొదటి పూటకు పులిహోర, సర్వపిండి ఇంటి నుండి తెచ్చుకొనవచ్చును. వాటిని ముందురోజు చేయుటలో భర్తలు, కొడుకులు చేయి వేయాలి. తక్కిన భోజనములు హోటలులో ముందే చెప్పి పెట్టండి. నిర్మల్‌లో ఒక రాత్రి బస ఉండాలని మేము చెప్పుటకు కారణము ఇదే. ఇల్లు చేరితే ఆమె మరల చీపురు పట్టుకుంటుంది.

వచ్చే ఆదివారము ఆరాధన తరువాత నాలుగు కుటుంబములవారు ఒక చోట కూర్చొనండి. తేదీ ఒకటి వ్రాసుకొనండి. మొదటి 50 రూపాయలు ఆ రోజే ప్రక్కన పెట్టండి. ఏ చోటికి ముందు వెళ్లాలో మాత్రము మీ ఇంటి తల్లిని అడగండి.