గుంటూరు డాక్టరమ్మ మ్యూజియం మెల్‌బోర్న్‌లో ఎందుకుంది?

గుంటూరులో మూడు దశాబ్దాలకు పైగా వైద్యం చేసిన ఒక సిస్టర్ పేరు మీద మ్యూజియం ఉంది. ఎక్కడనుకున్నారు? ఆస్ట్రేలియాలో! మొదటిసారి విన్నప్పుడు నేనూ నమ్మలేదు.

ఆమె మేరీ గ్లౌరీ. 1887లో విక్టోరియా రాష్ట్రంలో పుట్టి, మెల్‌బోర్న్‌లో డాక్టరయ్యారు. మగ డాక్టరుకు చూపించుకోలేక మన దేశంలో ఆడవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారని ఒక చిన్న పుస్తకంలో చదివారు. మంచి ప్రాక్టీసు వదిలేసి 1920లో గుంటూరు వచ్చి, జె.ఎం.జె. సిస్టర్లలో చేరారు. సిస్టర్లు వైద్యం చేయడానికి అప్పట్లో చర్చి ఒప్పుకునేది కాదు, పోప్ దగ్గర ప్రత్యేక అనుమతి కావాల్సొచ్చింది. సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రి ఎదిగింది ఆమె చేతుల మీదుగానే. 1943లో కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్నీ మొదలుపెట్టారు. దాని ఆఫీసు ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఉంది.

మరి మ్యూజియం అక్కడెందుకు? ఇండియాకు రాకముందు ఆమె ఒక మహిళా సంఘానికి మొదటి అధ్యక్షురాలు. ఆ సంఘం వారసులే ఆమె జ్ఞాపకాలను దాచి మ్యూజియం నడుపుతున్నారు. అదే అసలు విషయం. సిస్టర్‌కు సొంత ఆస్తి ఉండదు, పిల్లలుండరు. చివరికి పేరు కూడా మారిపోతుంది. గుంటూరులో ఈవిడ సిస్టర్ మేరీ ఆఫ్ ద సేక్రెడ్ హార్ట్. పాత రిజిస్టర్లో 'గ్లౌరీ' అని వెతికితే దొరుకుతారా చెప్పండి?

ఈవిడకైనా దాచేవాళ్లున్నారు. ఈవిడ దగ్గర పని నేర్చుకున్న మన తెలుగు నర్సులు, మంత్రసానులు, మందులిచ్చే అమ్మాయిలు? నాకు బాధనిపించేది వాళ్ల గురించే.

మీ ఊళ్లో పెద్ద వయసు సిస్టర్ ఉంటే, అనుమతి అడిగి ఫోన్లో మాటలు రికార్డు చేయండి. ఇంటిపేరుతో సహా పాత పేరు, మఠంలో పేరు రెండూ చెప్పించుకోండి. ఫోటోలుంటే ముందు, వెనక రెండు వైపులా తీయండి, వెనక రాసిందే ఒక్కోసారి ముఖ్యం. అసలు ఫోటో మాత్రం ఇంటికి తెచ్చేసుకోకండి, కాన్వెంటులోనే ఉండనివ్వండి. కాపీ ఒకటి వాళ్లకిచ్చేయండి. మీ ఫోన్ పోయినా అది ఉంటుంది.